చిన్నమ్మ వైపు అద్దం

మా చిన్నాయన పోయాడని పోయిన ఆదివారం ఆళ్లగడ్డ నుంచి కబురొచ్చింది. నిద్రలోనే పోయాడట. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఆయన బాడుగ కారు ఎక్కినవాళ్లు మీలో ఉంటే, ముందు సీటు ఖాళీగా ఉంచి మిమ్మల్నందరినీ వెనక కుక్కిన మొండిమనిషి ఆయనే.

ఆ సీటు మా చిన్నమ్మది. ఆమె జ్వరంతో పోయాక అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఎండలో కారు నిలిపితే, రబ్బరు అద్దానికి అతుక్కుపోతుందని వైపర్లు రెండూ పైకెత్తి పెట్టేవాడు. పొద్దున్నే తడిగుడ్డతో వాటి రబ్బర్లు తుడిచేవాడు, ముందు చిన్నమ్మ వైపుది, తర్వాత తనది. ఆ పక్క ఎవరున్నారని ఎగతాళి చేస్తే, "ఆయమ్మ గూడా తోవ చూడాల గదా, పాపా" అనేవాడు. నవ్వేదాన్నే గానీ, ఖాళీ సీటు ముందర అద్దానికి లోపలి నుంచి ఊపిరి తగిలినట్టు ఆవిరి పట్టడం నేనూ చూశాను. ఆయన భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచేసేవాడు.

నా మొదటి కాన్పు నాటి వానను మరిచిపోలేను. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే నంద్యాల ఆసుపత్రికి తీసుకుపొమ్మని నర్సమ్మ చెప్పింది. మధ్యాహ్నమే చీకటి కమ్మింది. వెనక సీట్లో అమ్మ ఒడిలో తలపెట్టుకుని నేను అరుస్తున్నాను. సగం దారిలో చిన్నాయన వైపు రబ్బరు చినిగి ఊడిపోయింది. వట్టి ఇనుము అద్దాన్ని గీకుతోంది. ఆ వారమే మార్చాలని పోతే అంగట్లో కొత్త రబ్బరు ఒక్కటే దొరికిందట. దాన్ని ఎవరి వైపు వేశాడో చెప్పాలా?

"ఏందప్పా, నిలబెట్టినావ్?" అంది అమ్మ.

"నాకేం కనపడ్డంల్యా, వదినా."

దిగి, వానలో తడుస్తూ ఖాళీ సీటు వైపు వంగాడు. "నీది తీసుకుంటాండా. పాప కోసరం. ఏమనుకోవద్దు" అన్నాడు. బదులు కోసం ఆగాడు కూడా. నా ప్రాణం పోతుంటే ఈయన మాటలేమిటని నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ రబ్బరు లాగి తన వైపు వేసుకున్నాడు. చిన్నమ్మ వైపు వైపర్‌ను అద్దానికి తగలకుండా పైకెత్తి పెట్టాడు. కారు కదిలాక అది గాల్లోనే ఊగుతోంది. నేను తల ఎత్తి చూశాను. ఏదీ తాకకుండానే ఆ వైపు అద్దం అర్ధచంద్రంలా తేటగా ఉంది. అమ్మ కూడా చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది.

బిడ్డ బతికింది, నేనూ బతికాను. అప్పట్నుంచి నాకు చిన్నాయన మీదా చిన్నమ్మ మీదా ప్రేమే, కొంచెం భయం కూడా.

చూపు తగ్గాక చిన్నాయన కారును రేకుల షెడ్డులో పెట్టేశాడు. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు. మొన్న ఆయన్ని చిన్నమ్మ పక్కనే సమాధి చేసి వచ్చి, ఒకసారి చూసుకుందామని షెడ్డు తలుపు తీశాను. నెలరోజులుగా వాన చుక్క లేదు. అద్దమంతా ఎర్రటి దుమ్ము. చిన్నాయన వైపు మాత్రం అర్ధచంద్రంలా తుడిచి ఉంది, ఇంకా తడి ఆరకుండా.