కంప్యూటరు గదిలో పటం

కంప్యూటరుకు మైల అంటుతుందని మీరు నమ్ముతారా? నవ్వకండి. విడపనకల్లు దగ్గర ఒక పల్లె బడిలో నమ్మేవాళ్లు. అక్కడ నేను శనివారాలు పిల్లలకు కంప్యూటరు నేర్పేవాణ్ని.

ఉన్నవి మూడు కంప్యూటర్లు. వాటిని దానమిచ్చిన పట్నం వ్యాపారి ఆయుధపూజ నాడు తానే వచ్చి, వాటికి పసుపు కుంకుమలు పెట్టి, గోడకు లక్ష్మీదేవి పటం తగిలించి పోయాడు. అప్పటినుంచి పిల్లలు చెప్పులు బయట విడిచి వచ్చేవాళ్లు. కూర్చోగానే కీబోర్డును తాకి కళ్లకద్దుకునేవాళ్లు. ఇంత భయంతో ముట్టుకుంటే ఏం నేర్చుకుంటారని చిరాకు వేసేది. పోనీలే అని ఊరుకునేవాణ్ని.

ఒక శనివారం తొమ్మిదో తరగతి అమ్మాయి గడప బయటే నిలబడిపోయింది. సోమవారం మండల స్థాయి కంప్యూటరు పోటీకి బడి తరఫున వెళ్లాల్సింది ఆమే. పోటీలో అడిగే పట్టిక తయారుచేయడం ఆమెకు ఇంకా పట్టుబడలేదు. మిగిలింది ఆ ఒక్క క్లాసే.

"లోపలికి రామ్మా."

"ఈడే ఉంటా సార్. ఈపొద్దు నేను రాకూడదు. ఆడ దేవుని పటముండాది."

విషయం అర్థమైంది. స్టూలెక్కి పటం దించి, హెడ్మాస్టరు గదికి తీసుకుపోయాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "ఏమప్పా, దేవున్నే బయటికి పంపిస్తాండావా?"

"దేవునికి మీ రూములో చోటుండాది సార్. పోటీకి పోయే పాప ఈ పటముంటే లోపలికి రానంటాంది. ఆమెకు ఇంకో కంప్యూటరు యాడుండాది?"

"సరే, ఆడ పెట్టిపో. దానమిచ్చినాయన అడిగితే మాత్రం నువ్వే చెప్పుకో."

అమ్మాయి లోపలికొచ్చి కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. "నేను ముట్టుకుంటే చెడిపోతాదని మాయమ్మ చెప్పింది సార్. చెడిపోతే మళ్లా ఎవరిస్తారు?"

"చెడిపోతే నేనే చెడగొట్టినానని చెప్తా. ముట్టుకో."

కాసేపటికి ఒక వేలు కదిలింది. తెర మీద ఒక అక్షరం పడింది. పక్కనున్న స్నేహితురాలు వంగి చూసింది. "ఏమే, ఇంకా పేలలేదా?"

"నీ మొగం చూసినా పేలలేదు. నేను ముట్టుకుంటే పేలుతాదా?"

గంట కొట్టేసరికి పట్టిక పూర్తయింది. సోమవారం ఆమె పోటీకి వెళ్లింది. బహుమతి రాలేదు, కానీ వెళ్లింది.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకూ చిన్నప్పుడు ఎవరో చెప్పిన మాటే అది. ఇంట్లో చెప్పిన మాటను బడిలో నేనొక్కణ్ని ఎంతకాలం చెరుపుతాను? మీ ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంటే ఈ రోజే కూర్చోబెట్టుకుని చెప్పండి, ఏ రోజైనా ఏ యంత్రాన్నయినా ముట్టుకోవచ్చని. చెప్పి ఊరుకోకండి. ఆ రోజుల్లోనే, ఇంటిల్లిపాదీ చూస్తుండగా, మీ ఫోను ఆమె చేతిలో పెట్టండి.