మొగిలయ్య గొడ్డలి

నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికి రాగానే మొగిలయ్య చొక్కా విప్పి, పెరట్లోని పనసచెట్టు మొదట్లో మట్టి గుల్లచేసి, మానును ఆవు వీపులా నిమురుతాడు. తొమ్మిదేళ్లయినా అది కాయలేదు. కాయని చెట్టును బెదిరిస్తే కాస్తుందని నాలుగేళ్లుగా ప్రతి మాఘంలోనూ గొడ్డలి ఎత్తుతాడు. భార్య శారదమ్మ అడ్డుపడి, వచ్చే ఏడు కాస్తుందని చెట్టు తరఫున మాటిస్తుంది. రెండువేల పదకొండు మాఘంలో మాత్రం ఆమె అడ్డుపడలేదు.

"నరికెయ్యి! నీడ పోయి బట్టలన్న ఆరుతయి," అంది.

ఎత్తిన గొడ్డలి గాలిలోనే ఆగింది. "గట్లంటవేందే? చెట్టు ఇంటున్నది," అన్నాడు మొగిలయ్య, గొంతు తగ్గించి.

"ఇననీ. నాలుగేండ్ల సంది దాని కోసం అబద్ధాలు జెప్పలేక సస్తున్న."

మొగిలయ్య గొడ్డలి ఆమె చేతికిచ్చాడు. "అయితే బెదిరిచ్చుడు నువ్వు జెయ్యి. బతిమాలుడు నేను జేస్త."

శారదమ్మ కొంగు బిగించింది. ఆమె కళ్లు చూసి, మొగిలయ్య మానును రెండు చేతులా కావలించుకొని ఆమెను నిజంగానే బతిమాలాడు.