అక్క పుస్తకానికి అక్షరాలు

నా చిన్నప్పుడు మదనపల్లెలో మా పెదనాన్నకు అచ్చాఫీసు ఉండేది. ఆయన దగ్గర ఇంగ్లీషు అచ్చు అక్షరాలు రెండే రకాలు. రెండూ పాతకాలపువే, గీతల చివర చిన్న చిన్న పాదాలున్నవే. ఒక రకం సన్నగా, నాజూగ్గా ఉండేది. రెండోది కాస్త బొద్దుగా, మొరటుగా కనిపించేది.

మా పక్కింటి అక్క కుప్పంలో ఉద్యోగంలో చేరిన ఏడాదే జ్వరమొచ్చి చనిపోయింది. ఆమె నోటుబుక్కుల్లో ఇంగ్లీషులో రాసుకున్న వ్యాసాలను చిన్న పుస్తకంగా వేయించాలని వాళ్లమ్మ మా అచ్చాఫీసుకు తెచ్చింది. ఆమె పుంగనూరు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరు. ఏ అక్షరాలు వాడమంటారని పెదనాన్న అడిగితే, ఆమె నా వైపు చూసింది.

"మీ అక్కకు ఏది బాగుంటాదో నువ్వే సెప్పు పాపా."

నేను ఆలోచించకుండా సన్నవాటిని చూపించాను. అక్క చాలా అందంగా ఉండేది. ఆమె పుస్తకమూ అట్లాగే ఉండాలనిపించింది. బొద్దు అక్షరాలు గోనెసంచుల మీద వేసుకోవడానికి పనికొస్తాయని కూడా అన్నాను. పెదనాన్న కాదనలేదు. ఒకే పేజీని రెండు రకాలుగానూ కంపోజ్ చేయించి, పుస్తకానికి అనుకున్న గరుకు కాగితం మీదే ప్రూఫులు తీసి, మర్నాడు అక్కవాళ్లమ్మ చేతికిచ్చాడు.

సన్న అక్షరాల పేజీని ఆమె కిటికీ వెలుగులోకి తీసుకెళ్లింది. దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసింది. సన్నటి గీతలు ఆ కాగితం మీద అక్కడక్కడా వెలిసినట్టున్నాయి. అయినా ఎంతో అందంగా ఉందని మెచ్చుకుని పక్కన పెట్టింది. నేను గర్వంగా పెదనాన్న ముఖం చూశాను.

రెండో పేజీని ఆమె నిలబడే చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి స్టూలు మీద కూర్చుంది. చిన్నప్పుడు అమ్మ చెప్పులు వేసుకుని బడి దాకా నడిచిన సంగతి అక్క అందులో రాసింది. చదువుతూ ఆమె నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్షరాల గురించి ఒక్క మాటా అనలేదు.

ఆమె వెళ్లాక పెదనాన్న మెల్లగా అన్నాడు. "మొదటిదాంట్లో ఆయమ్మ అక్షరాలు సూసింది పాపా. రెండోదాంట్లో బిడ్డను సూసింది."

నాకు సిగ్గేసింది. అక్క కోసమే ఎంచానని అనుకున్నాను గానీ, ఆమె రాసినదాన్ని అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా చదవలేదు. పుస్తకం బొద్దు అక్షరాల్లోనే వచ్చింది.

పెద్దయ్యాక నేనూ ఈ పనిలోకే వచ్చాను. ఇప్పుడు కంప్యూటరులో అక్షరాలు వందల రకాలు. ఏ పత్రికకు పేజీ కట్టినా, ముందు అందులో ఏముందో కూర్చుని చదువుతాను. తర్వాత కళ్లజోడున్న వాళ్లెవరికైనా ప్రూఫు ఇచ్చి దూరంగా కూర్చుంటాను. పేజీ భలే ఉందని వెంటనే మెచ్చుకుంటే నాకు దిగులేస్తుంది. ఏమీ అనకుండా పేజీ తిప్పితే, అప్పుడు లేచి వేరే పని చూసుకుంటాను.