నెత్తళ్ల దగ్గర రేడియో పాఠం

జాంబియాలో ఒక పల్లె బడిలో నేను సైన్సు చెప్పిన రోజుల్లో పిల్లలకు పుస్తకాలు చాలేవి కావు. పాఠాలు రేడియోలో వచ్చేవి. పిడి తిప్పితే పలికే చవక రేడియో ఒకటి బల్ల మీద పెట్టేవాళ్లం. రేడియోలో టీచరమ్మ ప్రశ్న వేసి కాసేపు ఆగేది. ఆ ఖాళీలో పిల్లలంతా గొంతెత్తి జవాబు చెప్పేవాళ్లు.

రిటైరై బందరు వచ్చాను. మా ఆవిడ పోయిన మరుసటి ఏడు, దివిసీమలో ఒక చిన్న రేడియో కేంద్రం వాళ్లు అలాంటి రేడియోలే సముద్రం ఒడ్డు పల్లెల్లో పంచి, నన్ను పాఠాలు చెప్పమన్నారు. ఇంట్లోనే ఫోన్‌లో రికార్డు చేసి పంపేవాణ్ని. చాలా రోజుల్లో నేను మాట్లాడే మాటలు అవొక్కటే. ప్రశ్న వేసి, అలవాటు కొద్దీ ఆగేవాణ్ని.

ఈ వేసవిలో మేనేజరు ఫోన్ చేశాడు. "మాస్టారూ, పాఠం గురించి ఒక్క ఫోనూ రావట్లేదండి. వినేవాళ్లుంటే నడుపుదాం, లేకపోతే ఆపేద్దాం. మీరే ఓసారి చూసి చెప్పండి."

పాలకాయతిప్ప దగ్గరి పల్లెకి పాఠం వేళకే చేరాను. ఇసుకలో పాత వలలు పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెట్టారు. మధ్యలో కర్రకి రేడియో వేలాడుతోంది. అందులో నా గొంతు. చుట్టూ ఎవరూ లేరు. దూరంగా పాక నీడలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు.

"రేడియో అక్కడ పెట్టారేంటమ్మా?" అన్నాను.

"కాకులకండీ," అంది పెద్దావిడ. "పాటలకి బెదరవు, అలవాటు పడిపోయినయ్యి. ఈయన గొంతైతే బాగా పనికొచ్చిద్దండీ."

"ఏం చెప్తాడు?"

"ఎవరికి తెలుసండీ! ఏదో అడుగుతాడు, అడిగి ఊరుకుంటాడు. అదే తంటా. ఊరుకోగానే కాకి దిగుద్ది."

అంతలోనే రేడియోలో నేను, డెంగీ దోమ ఎలాంటి నీళ్లలో గుడ్లు పెడుతుందని అడిగి ఆగాను. ఓ కాకి వాలింది. చిన్నావిడ చెప్పు విసిరి, "హుష్! ఆగావేంటయ్యా బాబూ, మాట్లాడు!" అని రేడియో మీద కేకేసింది. పెద్దావిడ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గొంతు నాదేనని చెప్పలేదు.

వినేవాళ్లు లేరని మేనేజరుకి చెప్పాను. ఆయన అడిగింది వినేవాళ్ల గురించే. కాకుల సంగతి డైరీలో రాసుకున్నాను.

పాఠం వేళకి ఇప్పుడు పాటలు వేస్తున్నారు. అలా మార్చిన రోజు సాయంత్రం పాలావిడ వచ్చి, "అర లీటరేనా మాస్టారూ?" అంది. అవునని చెప్పబోతే గొంతు పెగల్లేదు. పొద్దున్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. తలూపి గిన్నె పట్టాను.