లేడిచెవి పువ్వు ముందు మోకరిల్లేవాడు

మార్చిలో మా కొండ మీద లేడిచెవి పూలు విచ్చుకున్నాయంటే చాలు, సియోల్ నుంచి ప్యో గిసొప్ కెమెరాతో దిగబడతాడు. ప్రాక్టీసు మానేసిన పళ్ళ డాక్టరు. పట్టకారూ, మెత్తని కుంచె, నీళ్ళు చిమ్మే సీసా ఇంకా జేబులోనే ఉంటాయి. జానెడైనా లేని ఆ పువ్వు చలికి కప్పుకున్న ఎండుటాకులన్నీ ఊడ్చేసి, వాటినే తన మోకాళ్ళ కింద పరుచుకుంటాడు. కుంచెతో మట్టి దులిపి, నీళ్ళు చిమ్మి, "కొంచెం నోరు తెరువమ్మా" అంటూ పట్టకారుతో రేకులు విప్పుతాడు.

మొన్న ఆకుకూర కోసుకోవడానికొచ్చిన మల్సున్ అవ్వ ఉండబట్టలేక, "రాత్రికి గడ్డకట్టి చస్తుందయ్యా, ఆ ఆకులు మళ్ళీ కప్పి పో" అంది.

"దుప్పటి కప్పడానికి ఇదేమన్నా మీ మనవరాలా, అవ్వా?" అని నవ్వాడు. ఫొటో తీసుకుని లేచి, బూటు మడమతో పువ్వును నేలలోకి నులిమేశాడు. "ఇదే పువ్వు ఇంకొకడికీ దొరికితే నా ఫొటోకి విలువేముంటుంది?"

అవ్వ తుపుక్కున ఉమ్మింది. అతను చూడనైనా లేదు. రాతి మీద కూర్చుని, మడమకు అంటిన ఊదా రేకును ఆ మెత్తని కుంచెతోనే, ఎంతో ఓపికగా దులుపుకుంటున్నాడు.