పిచ్చియ్య రెండు కుండలు

ఈపూరు డొంకలో పిచ్చియ్య గుడిసె ముందు పొద్దు వాలిందంటే తగువు ఖాయం. కాయలు కాయని పోతుతాడు కల్లు గొప్పదా, కాయలు కాసే పండుతాడు కల్లు గొప్పదా? బండి తోలే అంకారావుది పోతుతాడు పక్షం. తియ్యగా గొంతులోకి జారిపోతుందంటాడు. క్వారీలో రాళ్ళు కొట్టే అబ్రహాముకు పండుతాడే కావాలి. ఆ ఘాటు లేకపోతే అది కల్లే కాదంటాడు. కల్లు గీసే పిచ్చియ్య మాత్రం చుక్క ముట్టడు, భార్య లింగమ్మ పోయిన నాడే మానేశాడు. తగువులోనూ తలదూర్చడు. ఎటు మొగ్గినా రెండోవాడు రావడం మానేస్తాడని భయం.

భయం ఉండదా మరి! ఎనభై అయిదో సంవత్సరం నాటికి ఊరంతా సారా ప్యాకెట్లకు ఎగబడింది. మిగిలింది ఈ ఇద్దరే. వీళ్ళూ రాకపోతే ఆ గుడిసె దగ్గర మనిషి గొంతు వినపడదు. మోకాళ్ళు అరిగి పిచ్చియ్య ఎక్కగలిగేది కూడా రెండు చెట్లే, పోతుతాడొకటి, పండుతాడొకటి.

ఆ ఎండాకాలం పోతుతాడు కాస్తా ఒట్టిపోయింది. పిచ్చియ్య ఆ మాట బయటపెట్టలేదు. చెబితే తగువు పోతుంది, తగువు పోతే వీళ్ళెందుకొస్తారు? అనుమానం రాకుండా ఖాళీ కల్లు లొట్టిని చెట్టుకు అలాగే వదిలేసి, పండుతాడు కల్లే రెండు కుండల్లోనూ పోశాడు. అంకారావు తాటాకు దొప్పెత్తి తాగి, తియ్యదనమంటే ఇదీ అన్నాడు. పిచ్చియ్య తలొంచుకుని నవ్వుకున్నాడు. చాన్నాళ్ళకు నవ్వాడు పాపం.

కొన్నాళ్ళు బాగానే సాగింది. ఒక సాయంత్రం మాటామాటా పెరిగి, అబ్రహాము అంకారావు చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవడు అలిగినా తన కొంప మునుగుతుందని పిచ్చియ్య మధ్యలో దూరాడు.

“ఆగండిరా. రెండు కుండల్లోదీ ఒక చెట్టు కల్లే. పోతుతాడు ఒట్టిపోయి చానా రోజులైంది.”

అబ్రహాము చెయ్యి వదిలేశాడు. అంకారావు మొహం మాడిపోయింది.

“మమ్మల్ని ఎర్రోళ్ళను చేశావా మామా?”

మీరు రావాలనే చేశానురా అని చెప్పొచ్చు గదా, ఆ ముసలాయన! అంకారావు పదన్నా అంటూ అబ్రహాము భుజం మీద చెయ్యేశాడు. అప్పటిదాకా కొట్టుకోబోయిన వాళ్ళు కలిసే వెళ్ళిపోయారు.

మళ్ళీ రాలేదు. పిచ్చియ్య మాత్రం రోజూ రెండు కుండలూ నింపి పెట్టేవాడు. చూసి చూసి, ఒకరోజు తనే దొప్ప అందుకున్నాడు. ఒక కుండలోది తాగాడు. రెండో కుండలోదీ తాగాడు.

“ఇదే బాగుంది,” అన్నాడు పైకే.

కాదనేవాళ్ళు లేరు.