బర్రెకు చెప్పిన మాట

మా ఇంట్లో కొడుక్కు మీసకట్టు వచ్చిందంటే తండ్రి ముఖం చూసి మాట్లాడడం మానేయాలి. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. మా తాత ముందు మా బాపు అలాగే ఉన్నాడట, బాపు ముందు నేను అలాగే ఉండాలి. దానికి మర్యాద అని పేరు. ఆ మర్యాద తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాన్సువాడలో ఆ ఇంట్లో ఉన్నది బాపు, నేను, బాపును కన్న మా అవ్వ. అవ్వ కొట్టం ముందు కూర్చునేది. మా ఇద్దరి మాటలూ ఆమె మీదుగానే నడిచేవి. నేను చేయి చాస్తే అందే దూరంలో ఉన్నా, వాడు తిన్నాడా అని బాపు అవ్వనే అడిగేవాడు. తిన్నానని నేను అవ్వకే చెప్పేవాణ్ణి. బాపు తిట్లలో సగం ఆమె మింగేసేది, నా విసుగులో సగం కొంగు చాటున దాచేసేది. మిగిలింది మాకు చేరేది. మాకు అది సరిపోయేది.

నిజాంసాగర్ కాలువ మా పొలాలకు వచ్చిన కొన్నేళ్ళకు, నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా అవ్వ పోయింది. దినాలు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. ఇద్దరం మిగిలాం, మాట్లాడడానికి మనిషి లేదు. కొన్నాళ్ళు ఊరికే ఉన్నాం. ఒకరోజు బాపు పాలు పిండుతూ, రేపు చెరుకు తోటకు పోవాలని బర్రెకు చెప్పాడు. సరేనని నేనూ బర్రెకే చెప్పాను. ఇద్దరికీ నవ్వు రాలేదు. అప్పటినుంచి అవ్వ పని బర్రె మీద పడింది.

ఆ ఏడే ఊళ్ళో బడి చదువు అయిపోయింది. నిజామాబాదులో పెద్ద బడికి పోవాలని నా ఆశ. ఆ ఆశతో అన్నం సహించేది కాదు. ఒక సాయంత్రం బాపు తాడు పేనుతుంటే, కుడితి పెడుతూ బర్రెకు చెప్పాను. నిజామాబాదు బడికి పోతానన్నాను. బాపు తాడు పేనుతూనే ఉన్నాడు.

ఎదురుచూశాను. ఆయన బర్రెకు నీళ్ళ సంగతి చెప్పాడు, గడ్డి సంగతి చెప్పాడు. నా బడి సంగతి చెప్పలేదు. ఇక వద్దన్నట్టే అనుకున్నాను. మొదట చెరుకు తోటలో కూర్చుని ఏడ్చాను. తర్వాత ఏమీ అనిపించలేదు. కాలికి తిమ్మిరి ఎక్కినట్టు ఉండేది, గిచ్చినా తెలిసేది కాదు.

ఒకరోజు పొలం నుంచి వచ్చేసరికి నా గొంగడి, రెండు ధోవతులు దండెం మీద కనిపించాయి. మూట కట్టి విప్పిన మడతలు వాటిమీద అలాగే ఉన్నాయి. బాపు ఆ పూట తినలేదు. ఎందుకని నేను బర్రెను కూడా అడగలేదు.

వరి కోతలు అయ్యాక సంతలో ఒక రైతు ఎదురుపడ్డాడు. కోస్తా నుంచి వచ్చి మా పొలం పక్కనే భూమి కొనుక్కున్నాయన. ఆయన కొడుకు నా ఈడువాడే. వాడు తండ్రికి ఎదురుగా నిలబడి వాదిస్తుంటే చూడడానికే నాకు భయమేసేది.

"ఏమయ్యా, మావాడితోపాటు నిన్నూ నిజామాబాదు తీసుకెళ్ళమని మీ నాన్న ఎంత బతిమాలాడు! తీరా బండి మీ వాకిట్లో ఆగితే మొహం చాటేశావేం?" అన్నాడు.

నేను పొలంలో ఉన్న ఆ రోజు బండి చాలాసేపు ఆగిందట. వాడికి ఇష్టం లేనట్టుంది, మీరు వెళ్ళండని చివరికి బాపే పంపేశాడట.

ఇంటికి వచ్చి బాపు ఎదురుగా నిలబడ్డాను. పాలచెంబు కడుగుతున్నాడు. పక్కనే బర్రె నెమరు వేస్తోంది.

"బాపూ, బండి వస్తదని నాకు ఎర్కలేదు."

ఆయన ముఖం బర్రె వైపు తిరిగింది. "బండి వచ్చే మూడు దినాల ముంగటనే వానికి చెప్పిన. పొద్దుగాల పాలు పిండుకుంట చెప్పిన. తడిక అవుతల పండుకొని ఇంటుండనుకున్న."

ఆ వేకువన బాపు లేవకముందే మా నీళ్ళ వంతు ముందుగా వచ్చిందని పిలుపు వస్తే నేను కాలువ మీదికి పోయాను. తడిక అవతల ఉన్నది నా గొంగడి ఒక్కటే. అదే చెప్పాను. ఆయన కడిగిన చెంబునే మళ్ళీ కడిగాడు. తర్వాత తల ఎత్తి నన్నే చూస్తూ, నన్నే అడిగాడు.

"వచ్చే యేడు పోతవా?"

ఆ మాట కోసం అన్ని రోజులు కాచుకున్నాను. ఇప్పుడు లోపల ఆ ఆశ కోసం వెతికితే అది ఉన్నచోట లేదు. సంతోషం లేదు, కోపమూ లేదు.

"ఇగ పోను బాపూ" అన్నాను, ఆయన కళ్ళలోకి చూస్తూ. ఆయన ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పడి ఉంది. ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు.